దిష్టి తగలని పేరు

నెల్లూరు ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ప్రాణం నిలబెట్టుకున్న బిడ్డను, ఇంటికి తెచ్చిన రోజే చేటలో వేసి పెంటకుప్ప మీద పడుకోబెట్టినారంటే మీరు నమ్ముతారా? ఎవరైనా చెప్తే నేనూ నమ్మేదాన్ని కాదు. కళ్ళారా చూసినా. ముత్తుకూరులో, మా చెల్లెలి అత్తగారింటి వెనక, బర్రెల పాక పక్కన. రోడ్డు మీద పోర్టుకు పోయే లారీలు ఒకదాని వెనక ఒకటి. ఇక్కడేమో పేడకుప్ప, దాని మీద చేట, చేటలో పాత చీర ముక్క, అందులో పిడికెడు పిల్ల.

"అత్తా, నీకేమన్నా మతి పోయిందా?" అని అరిచినా. మా చెల్లెలి అత్తను నేనూ అత్తా అనే పిలుస్తా. "ఇన్ఫెక్షన్ రాకుండా చూసుకోమని డాక్టరు ఎన్నిసార్లు చెప్పినాడు!"

"డాక్టరు బతికించినాడు. నిలబెట్టేది నేను. గమ్మునుండమ్మే," అనింది ఆమె, నా వైపు తిరిగైనా చూడకుండా.

మా చెల్లెలికి అంతకుముందు ఇద్దరు పోయినారు. ఒక బిడ్డ కడుపులోనే పోయింది. ఇంకో బిడ్డ పుట్టి, కళ్ళు తెరిచి, మా అందరి మొహాలూ చూసి మరీ పోయింది. ఇద్దరికీ ముందే పేర్లు అనుకోని, ఆ పేర్లతోనే కడుపు నిమిరి పిలుచుకున్నాం. ఆ మురిపెమే వాళ్ళను మింగేసిందని అత్త నమ్మకం. పారేసిన వస్తువు మీద ఎవరి కన్నూ పడదు గదా. అందుకే ఈ బిడ్డను పారేసినట్టు పారేసినారు. పక్కింటామె దోసెడు తవుడు తెచ్చి చేట పక్కన పోసి, "పెంట మీద దొరికిన పిల్ల, తవుడుకు కొనుక్కున్నా" అనింది. బిడ్డను ఎత్తి అత్త చేతికిచ్చి, "నాకెందుకు, నువ్వే సాక్కో పో" అనింది. అంతటితో తంతు అయిపోయింది. ఇక ఆ బిడ్డ మా ఇంటిది కాదు, ఎవరిదీ కాదు, పైనుంచి చూసేవాడికి లెక్కలోకి రాదు.

మా చెల్లెలు ముచ్చటపడి పెట్టుకున్న మంచి పేరొకటి ఉండాది పిల్లకు. అయ్యవారు చెప్పిన అక్షరంతో మొదలయ్యే పేరు. దాన్ని ఇంట్లో ఎవరూ పలకకూడదని అత్త ఆర్డరు. పిలుపు పేరు పెంట.

"పెంటా, లెయ్యే. పొద్దెక్కింది."

"పెంటా, బువ్వ తిందువు రా. చేపలపులుసు చేసినా."

"నా పెంట చూడమ్మే, ఎట్లా నవ్వుతావుండాదో, దరిద్రపు మొహమూ అదీ!" అంటా అత్త బుగ్గలు పుణికేది. బిడ్డ బాగుంది అని ఎవరన్నా అన్నారో, వాళ్ళ పని అయిపోయిందే. "ఏం బాగు? నల్లి లాగుంది. నీ కళ్ళకేమన్నా పొరలొచ్చినాయా?" అని తగులుకునేది. ఆ మాటకు వచ్చినామె బిత్తరపోయి కాఫీ కూడా తాగకుండా లేచిపోయేది. నాకు నవ్వొచ్చేది. అవును, నవ్వొచ్చేది. వినగా వినగా ఆ పేరు వీధికీ అలవాటైపోయింది. అంగడాయన, పాలాయన, ఆటోవాళ్ళు, అందరూ పెంటా అనేవాళ్ళే. వాళ్ళ నోళ్ళలో మాత్రం ముద్దు లేదు.

పిల్లకు మాట రాలేదు. నడక వచ్చింది, పరుగు వచ్చింది, గోడెక్కడం వచ్చింది, మాట మాత్రం లేదు. అత్త వసకొమ్ము అరగదీసి నాలుక్కు రాసింది. అది మాట తెప్పిస్తుందని మా వైపు అందరికీ నమ్మకం. "మా ఇంటి పిల్లకాయలకు మాట లేటేలే" అని ఒకరు, "ఒకసారి మొదలుపెడితే ఆపలేరు చూడండి" అని ఇంకొకరు. మా మరిది, అంటే పిల్ల నాయన, పోర్టులో బొగ్గు లారీ తోల్తాడు. అలిసిపోయి వచ్చి పిలిస్తే పలకలేదని ఆ పిల్లను పట్టుకోని "నోరులేని గొడ్డు" అనేవాడు. "పెంటా" అని అతనూ పిలిచేవాడు గానీ, ఆ పిలుపు వేరు. అత్త పిలిస్తే మొహం చూసి ఎగురుకుంటా పోయేది పిల్ల. అతను పిలిస్తే, ఆ మొహం చూడంగానే, మంచం కిందికి దూరేది. ఈ పిల్ల గొంతు విని కాదు, మొహం చూసి కదులుతావుందని ఒక్కరమూ అనుకోలేదు. వినపడదనే సంగతే మాకు తెలిస్తే గదా!

అది తెలిసిన రోజు ఇప్పటికీ నా కళ్ళ ముందరే ఉండాది. నాది టైలరింగ్ అంగడి, వాళ్ళ వీధి మొదట్లోనే. జాకెట్టుకు హుక్సులు కుడతా తలెత్తి చూస్తే, మా మరిది లారీని రివర్సులో వీధిలోకి తెస్తావుండాడు. ఎయిర్ హారన్ చెవులు పగిలేట్టు మోగుతావుంది. లారీ వెనక టైర్ల దారిలో, మట్టిలో, ఈ పిల్ల గుల్లలు ఏరుకుంటా కూర్చోనుంది. తల తిప్పలేదు. ఉలకలేదు. నేను ఎట్లా పరిగెత్తినానో, ఎట్లా లాక్కున్నానో తెలీదు. వేలికి సూది అట్లే గుచ్చుకోని ఉండాది. మా మరిది దిగి వచ్చి, కోపంతో అరిచినాడు: "చెవుడా దీనికి? చెవిటిదా ఇది?" తిట్టడానికన్నాడు ఆ మాట. అని, తన మాట తనే విని, అట్లే లారీ చక్రం పక్కన కూలబడిపోయినాడు.

ఆ తర్వాత నెల్లూరు, పరీక్షలు, చెవి మిషన్లు. మా చెల్లెలికి రొయ్యల కంపెనీలో పని, సెలవు దొరకదు. పిల్లను నెల్లూరు సెంటర్‌కు తీసకపోయేది నేనే. అక్కడ మాటలు నేర్పే మేడమ్ చిన్న వయసుది, ఓపిక చాలా. బొమ్మ చూపించి పిల్ల సరిగ్గా చెప్తే చప్పట్లు కొట్టేది. మా పిల్లకు ఆ చప్పట్లంటే ప్రాణం. చెప్పేసి, మేడమ్‌తో పాటు తనూ కొట్టుకునేది. పూ అనింది. పాప అనింది. బాల్ అనింది. బస్సులో వస్తా కిటికీలోంచి కనపడిన ప్రతి బర్రెకూ ఏదో ఒకటి అనింది. నేను ఆ బస్సులో ఎంత ఏడ్చినానో, ఎవరన్నా చూసుంటే నాకేదో పెద్ద కష్టం వచ్చిందనుకోనుంటారు.

ఇంక బళ్ళో వెయ్యాలని అడగబోతే, మా ఊరి బడి పెద్దమేడమ్ మొహమాటం లేకుండా చెప్పేసింది. "పేరు అడిగితే చెప్పాల. దాహమైతే నీళ్ళు అడగాల. ఆ రెండూ వస్తే మామూలు పిల్లకాయలతో కూర్చోబెడతా. రాకపోతే నెల్లూరులో చెవుడు పిల్లల హాస్టల్ ఉండాది, ఆడ వేసుకోండి." రూలు ప్రకారం చేర్చుకోవాల్సిందేనని తర్వాత సెంటర్ మేడమ్ చెప్పింది. నిజమే, కానీ రోజంతా ఆ గదిలో కూర్చోవాల్సింది రూలు కాదే, మా పిల్ల! హాస్టల్ అనే మాటకు మా చెల్లెలు ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఇద్దరు పోయినాక దక్కిన బిడ్డ. దాన్ని తీసకపోయి ఎవరి చేతుల్లోనో పెట్టి రావాలంటే ఆ తల్లికి ఎట్లుంటుంది? బళ్ళు తెరిచేది జూన్‌లో. అప్పటికి వేసవి మొదలైంది.

అదే సంగతి సెంటర్‌లో చెప్పినా. "పేరే కదా అక్కా, చెప్పేస్తుంది చూడండి" అని మేడమ్ నవ్వి, పిల్ల ఎదురుగా కూర్చోని, పిల్ల గుండె మీద చెయ్యి పెట్టి అడిగింది.

"నీ పేరేంటమ్మా?"

పిల్ల ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "పెంట," అనింది.

ఎంత స్పష్టంగా అనిందో! అంతవరకు ఏ మాటా అంత శుభ్రంగా రాలేదు దాని నోటి నుంచి. పక్కనే కూర్చోనున్న ఇంకో బిడ్డ తల్లి ఫక్కున నవ్వి, వెంటనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేడమ్ చేతులు చప్పట్లకు లేచి, గాల్లోనే ఆగిపోయినాయి. కొట్టాలో వద్దో తెలీలేదు పాపం. మా పిల్ల ఆ చేతుల వైపు చూసింది. సరిగ్గానే చెప్పినా గదా, ఇంకా ఎందుకు కొట్టలేదు అన్నట్టు. తనే ముందుకు వంగి, మేడమ్ రెండు చేతులూ పట్టుకోని, ఒకదానికొకటి తగిలించి, చప్పట్లు కొట్టించుకుంది.

నేను పిల్లను లాగి ఒళ్ళో కూర్చోబెట్టుకున్నా.

మేడమ్ నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. ప, బ, మ లాంటివి పెదాల మీద కనపడతాయని, చెవి సరిగ్గా లేని పిల్లలు ముందు వాటినే పట్టుకుంటారని చెప్పింది. అసలు పేరేమో గొంతులో పుట్టే అక్షరం, బయటికి కనపడదు, పైగా ఎవరూ పిలవరు. "తన పేరు అదేననుకుంటోంది అక్కా. ఇంట్లో అందరూ అసలు పేరుతో, ఎదురుగా కూర్చోని, మొహం కనపడేట్టు పిలవండి. ఇంకో పేరు అసలు వినపడకూడదు," అనింది.

ఆ రోజు బస్సు దిగి ఇంట్లోకి పోయేదాకా నా ఒళ్ళు మంటలే. అత్త వాకిట్లో కూర్చోని చేపలు తోముతావుంది. "నీ నోరు పడిపోను!" అని మొదలుపెట్టినా. పెద్దామె అని కూడా చూడలేదు. "నెల్లూరులో అందరి ముందరా బిడ్డ పేరు పెంట అని చెప్పింది. ఇన్నేళ్ళూ తిట్టి తిట్టి దాన్ని పెంటను చేసి కూర్చోబెట్టినావు. ఇప్పుడు తీసకపోయి హాస్టల్లో పారేద్దామా? అప్పుడు చల్లబడతావా?"

ఆమె చేతిలో చేప జారిపోయింది. "నేను తిట్టినానా?" అనింది. గొంతు వినపడీ వినపడనట్టుంది. "నేనా? దాన్నా?"

"ఇంకెవరు మరి!"

"ఆ ఇద్దర్నీ బంగారూ, తల్లీ అని పిలిచినాం గదమ్మే. నోరారా పిలిచినాం. యాడుండారు వాళ్ళు? చూపించు, యాడుండారో! దీన్ని పెంట అన్నా, ఇది ఉండాది. నా కళ్ళ ముందర ఉండాది. ఇప్పుడు ఆ పేరెత్తి పిలవమంటావా? నా నోటితో నేనే దాన్ని చంపుకోమంటావా?"

ఆమె చేపల చేతుల్తోనే మొహం కప్పుకుంది.

ఆ మర్నాటి నుంచి అత్త పిల్లతో మాట్లాడ్డం మానేసింది. పెంట అననని నాకు మాటిచ్చింది. అసలు పేరు పలకడానికి మాత్రం ఆమెకు ప్రాణం ఒప్పలేదు. ఏమీ అనకుండా ఉండటమొక్కటే ఆమెకు కనపడిన దారి. అన్నం పెట్టేది, తల దువ్వేది, నీళ్ళు పోసేది, నోరు మాత్రం విప్పేది కాదు. పోనీలే, తిట్టు అయితే ఆగింది గదా అనుకున్నా నేను. నేనేమో నా గొంతు దగ్గర దాని చెయ్యి పెట్టించి పిల్లకు అసలు పేరు నేర్పుతావుంటి. పిల్ల నేర్చుకోవడం లేదు. ఉన్న మాటలు కూడా తగ్గిపోతావున్నాయి. పూ పోయింది. బాల్ పోయింది.

ఒక మధ్యాహ్నం అంగట్లో మిషన్ తొక్కుతావుంటే పిల్ల వచ్చి నా మోకాలు పట్టుకుంది. అరచేతిలో రెండు చెవి మిషన్లూ పీకి పెట్టుకోనుంది. వాటిని వేలితో తట్టి, నాకు చూపించి, "బ్యా... బ్యా..." అంటావుంది. బ్యాటరీ అని. కొత్తవి వేసినా. పెట్టుకోని, నన్ను లాక్కోని ఇంటికి పోయింది. వాకిట్లో జేజి ముందు నిలబడింది. జేజి అంటే మా వైపు నాయనమ్మ. రెండు చేతుల్తో జేజి గడ్డం పట్టుకోని మొహం తన వైపు తిప్పుకుంది. పెదాల వైపు చూసుకుంటా ఎదురుచూసింది. అత్త పెదాలు బిగబట్టుకోని చూసింది. కళ్ళలో నీళ్ళు, నోట్లో మాట లేదు. పిల్ల మళ్ళీ మిషన్లు పీకి, నా చేతిలో పెట్టి, "బ్యా" అనింది. జేజి మాట వినపడలేదు గదా, మిషన్ చెడిపోయిందనుకుంది పిచ్చితల్లి!

ఆ మిషన్లు చేతిలో పట్టుకోని, పిల్లతో నెల్లూరు బస్సెక్కినా.

సెంటర్‌లో మిషన్లు చూసి బాగానే ఉన్నాయన్నారు. జరిగిందంతా చెప్పినా. మేడమ్ అడిగింది: "అక్కా, ఇంట్లో పాపతో ఎక్కువ మాట్లాడేది ఎవరు?" ఒక్కొక్కరినీ లెక్కేసుకున్నా. మా మరిది లారీ మీద. మా చెల్లెలు కంపెనీ నుంచి వచ్చి నడుం వాల్చేస్తుంది. నేను సైగలు చేసేదాన్ని. వినపడని దానితో ఏం మాట్లాడతాంలే అని అందరమూ ఎప్పుడో నోళ్ళు మూసుకున్నాం. పొద్దున లేచింది మొదలు పడుకోబోయేదాకా, వినపడినా వినపడకపోయినా, ఎదురుగా కూర్చోని, మొహంలో మొహం పెట్టి, అన్నం గురించీ చేపల గురించీ బర్రెల గురించీ ఆ పిల్లతో మాట్లాడింది ఒక్క అత్తే. మాటమాటకూ పెంటా అంటానే. పిల్లకు వచ్చిన మాటలన్నీ ఆ నోటి నుంచి వచ్చినవే. ఆ నోరు నేనే మూయించొచ్చినా!

ఇంటికి పోయి అత్త కాళ్ళ దగ్గర కూర్చున్నా. మేడమ్ చెప్పింది చెప్పినా. హాస్టల్ సంగతి మళ్ళీ చెప్పినా. "మాట్లాడత్తా. నువ్వు పిలిస్తేనే అది నేర్చుకుంటుంది, మా వల్ల కాదు," అన్నా.

ఆమె లేచి, దేవుడి పటం దగ్గర నిలబడి వచ్చింది. పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకోని, దాని అరచెయ్యి తీసుకోని తన గొంతుకు ఆనించుకుంది, నేను చేసేటప్పుడు చూసిందేమో. కళ్ళు గట్టిగా మూసుకోని, పిల్లను పేరు పెట్టి పిలిచింది. పుట్టినాక మొదటిసారి. పిలిచి, ఒక కన్ను తెరిచి చూసింది, పిల్ల ఉండాదా లేదా అని. ఉంది. నవ్వుతావుంది. మిషన్లు బాగైనాయని సంబరం దానికి.

అంతటితో ఆగలేదు అత్త. పిల్ల చెయ్యి తీసి తన గుండె మీద పెట్టుకుంది. "పెంట," అనింది. మళ్ళీ పిల్ల గుండె మీద పెట్టి అసలు పేరు. తన గుండె మీద పెట్టి, "పెంట".

"అదేందత్తా!" అన్నా బిత్తరపోయి.

"ఆ మాటను ఊరికే వదిలేస్తే మళ్ళీ దారి ఎతుక్కోని దీని మీదికే వస్తాదమ్మే. ఎవురో ఒకరు ఉంచుకోవాల. నేను ఉంచుకుంటా," అనింది. "పైనుంచి చూసేవాడికి ఈ ఇంట్లో ఒక పెంట కనపడాల, అంతే గదా. నాకు కొత్తగా తగిలే దిష్టి ఏముండాది?"

నేనూ ఒప్పుకున్నా. అట్లా ఆ వేసవంతా మా ఇంట్లో వింతే వింత. ముసలామె పిల్లను పేరుతో పిలవడం, పిల్ల ముసలామెను పెంటా అనడం. వీధిలో విన్నవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. పూ వచ్చింది, బాల్ వచ్చింది, నీళ్ళు వచ్చింది.

జూన్‌లో, నేను కుట్టిన యూనిఫాం వేసి, నేనూ అత్తా పిల్లను బడికి తీసకపోయినాం. ఒకటో తరగతి గది నిండా పిల్లకాయలు. అత్త చెప్పులు బయట విడిచి గుమ్మం దగ్గరే నిలబడింది. పెద్దమేడమ్ పిల్లను ముందుకు పిలిచి పేరు అడిగింది. మా పిల్ల గొంతు మీద చెయ్యి పెట్టుకుంది. పేరు చెప్పింది. నడుమ అక్షరం మింగేసింది గానీ, పేరు పేరే. దాహమైతే ఏమడుగుతావంటే, "నీళ్ళు" అనింది. పెద్దమేడమ్ మొహం విప్పారింది. "శభాష్, బాగా చెప్పినావే! మరి ఎవరితో వచ్చినావు? ఆమె పేరేంటి?" అని గుమ్మం వైపు చూపించింది ముద్దుగా.

"పెంట!" అనింది మా పిల్ల, గది మార్మోగేట్టు.

పిల్లకాయలు గొల్లున నవ్వినారు. పెద్దమేడమ్ మొహం మాడిపోయింది. "ఛీ! పెద్దామెను పట్టుకోని ఏం మాటలవి? మాటలు రావంటిరి, తిట్లు మాత్రం బాగా నేర్పినారే! ఇట్లాంటి నోటిని ఈ పిల్లకాయల మధ్య ఎట్లా కూర్చోబెట్టేది?" అని నా మీద పడింది. పిల్లకు ఆ మాటలు ఎన్ని అర్థమైనాయో తెలీదు. మొహం మాత్రం చదివేసింది. నవ్వు పోయింది. దూరడానికి మంచం లేదు గదా, చుట్టూ చూసి, చెవి మిషన్ పీకడానికి చెయ్యి పైకి పోయింది. ఇదంతా మేడమ్‌కు ఎట్లా చెప్పాల, ఎక్కడి నుంచి మొదలుపెట్టాల?

గుమ్మం దగ్గర అత్త చెయ్యి పైకెత్తింది, హాజరు పిలిస్తే పిల్లకాయలు ఎత్తినట్టు.

"ఉండా మేడమ్," అనింది. "ఆ పేరు నాదే. బిడ్డ సరిగ్గానే చెప్పింది. సరిగ్గా చెప్తే దానికి చప్పట్లు కొట్టాల మేడమ్, అట్లా అలవాటైపోయింది."

గదిలో నవ్వులు ఆగిపోయినాయి. పెద్దమేడమ్ ఒకసారి ఆమె వైపు, ఒకసారి నా వైపు చూసింది. ఎవరూ కొట్టకపోయేసరికి, అత్తే గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టింది. పిల్ల చెవి మీద నుంచి చెయ్యి తీసేసి, తనూ కొట్టుకుంది.